జేబులు వెతకని రేవు

మా అక్క భర్త కొమురయ్య బావ నాకు తనంతట తానుగా ఫోన్ చేయడం అరుదు. ఎప్పుడైనా అక్కే నంబరు కలిపి ఆయన చేతిలో పెడితే, "మంచిగున్నరా" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా ఫోను తిరిగి అక్కకే ఇచ్చేస్తాడు. అలాంటి మనిషి మొన్న ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం తానే ఫోన్ చేశాడు. "సుగుణా, ఆదివారం గోదావరి కాడ బాప్తిస్మం పెట్టిండ్రు. ఈసారి దిగుత. నువ్వు రావాలె," అన్నాడు. తర్వాత, "నువ్వు ఎదురుంగ నిలబడితే ఎనకకు తిరగ," అని పెట్టేశాడు. నేను బ్లౌజు కుడుతున్న మిషను ఆపి ఆదివారం పొద్దుటి బండి టైము చూసుకున్నాను.

"ఈసారి" అన్న మాటకు వెనక కథ ఉంది. అయిదేళ్ళ కిందట కూడా ఇలాగే బయలుదేరి వెళ్ళాను. ఆ రోజు బావ మడమలు మునిగేదాకా నీళ్ళలోకి నడిచి, ఆగి, వెనక్కి తిరిగి ఒడ్డెక్కేశాడు. ఇంకో రెండేళ్ళకు తేదీ పెట్టుకుంటే అసలు ఇంట్లోంచే బయటికి రాలేదు. కారణం రెండుసార్లూ ఒకటే, తంబాకు. ముప్పై నాలుగేళ్ళు గోదావరిఖనిలో భూగర్భ గనిలో పనిచేసిన మనిషి. గనిలో బీడీ వెలిగించనివ్వరు కాబట్టి అక్కడ చాలామందికి తంబాకు నమలడం అలవాటవుతుంది. రిటైరై మూడేళ్ళయినా ఆ అలవాటు ఆయనను వదల్లేదు. "ముందు ఇది మానాలె. శుద్ధమైనంక దిగుత," అనేవాడు. ఆయనను ఎవరూ తొందరపెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో అక్కను ప్రార్థన మందిరం దగ్గర దింపి బయట సైకిలు మీదే కూర్చునేవాడు. ఏళ్ళు గడిచాక గడప దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత చివరి చాప మీద. ఇప్పుడు అన్నం ముందు ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టడు. ఆ నీళ్ళు మాత్రమే మిగిలాయి.

మాది కాజీపేట. గోదావరిఖనికి బస్సులు ఉన్నా నాకు రైలే ఇష్టం. ఉదయం బల్లార్షా వైపు వెళ్ళే బండి ఎక్కితే రామగుండం స్టేషన్‌లో దిగవచ్చు, రెండు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. రిజర్వేషన్ అక్కర్లేదు, మామూలు టికెట్టుకు వంద రూపాయలు కూడా కావు. ఆ ఆదివారం ఆరుంబావుకు రావలసిన బండి ఆరున్నర దాటాక వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. చేతిలో ఒక సంచి, అందులో పాలిథిన్ కవరులో మడతపెట్టిన తెల్లచీర. మా వాళ్ళకు బాప్తిస్మం రోజున తెల్లచీర కట్టుకోవడం ఆనవాయితీ. అయిదేళ్ళ కిందట ఆ చీర కట్టుకొనే రైలెక్కి, బొగ్గు లారీల రోడ్డు మీద ఆటోలో వెళ్ళేసరికి అంచంతా బూడిదరంగుకు తిరిగింది. అందుకే ఈసారి రంగుచీర కట్టుకొని, తెల్లదాన్ని కవరులో పెట్టి, దానికి రెండు రబ్బరుబ్యాండ్లు కూడా వేశాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

జమ్మికుంట దాటాక మంచు విడిపోయింది. పెద్దపల్లి తర్వాత కరెంటు ప్లాంటు పొగగొట్టాలు దూరాన కనిపించడం మొదలవుతాయి. అవి కనిపిస్తే సంచి సర్దుకోవచ్చు. ఎనిమిదిన్నరకు రామగుండంలో దిగాను. స్టేషన్ బయట గోదావరిఖనికి షేర్ ఆటోలు వరుసగా ఉంటాయి, మనిషికి ముప్పై రూపాయలు. నా కోసం మాత్రం బావ ఖాజా భాయ్‌ని పంపాడు. ఖాజా భాయ్‌ది కమాన్‌పూర్. ఆటో రోజంతా మాట్లాడుకుంటే ఎనిమిది వందలు తీసుకుంటాడు, వెయిటింగు అందులోనే. నన్ను చూడగానే సంచి అందుకొని, "చిన్నమ్మా, మీరు వస్తున్నరని కొమురయ్య కాక రెండు దినాల సంది ఒక్కతీరుగ ఖుషీ. పొద్దుగాల నాలుగింటికే ఫోన్ చేసిండు, బండి కడిగినవా అని. నా బండి సంగతి మా ఇంటిది గూడ గంత అడగది," అన్నాడు.

దారి పొడవునా ఒకవైపు ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిగుట్టలు. మొదటిసారి చూసేవాళ్ళు నిజం కొండలే అనుకుంటారు. వాటి మీద పసుపురంగు డంపర్లు బొమ్మల్లా పాకుతుంటాయి. ఖాజా భాయ్ వాటిని చూపిస్తూ, "నా చిన్నప్పుడు ఇక్కడ పత్తి చేన్లు. ఇప్పుడు గుట్టలు. నేను ఎదిగిన దానికంటె ఎక్కువ ఎదిగినయ్," అని నవ్వాడు. ఆయన మనిషి పొట్టి.

బావ వాళ్ళు కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. నేను వెళ్ళేసరికి మా అక్క దీనమ్మ వాకిట్లో పెద్ద గిన్నెలో బగారా అన్నానికి ఎసరు పెట్టి, గరిటెతోనే నాకు రమ్మని సైగ చేసింది. మధ్యాహ్నానికి మందిరం వాళ్ళు ఇరవై మంది భోజనానికి వస్తారు. పొయ్యి పక్కన మాంసం మసాలాలో నానుతోంది.

"అక్కా, బావ ఏడి?"

"స్నానం. మూడోసారి. నీళ్లల్ల మునుగుతందుకే పోతున్నవయ్యా, ఇంట్ల ఉన్న నీళ్లు గూడ ఒడగొట్టకు అన్న. ఇంటేనా?"

బావ తెల్ల లాల్చీ, పైజామాతో వచ్చాడు. తల దువ్వి, పెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్నాడు. నలభై ఒక్క రోజులుగా తంబాకు ముట్టలేదని అక్క నాకు గుసగుసగా చెప్పింది. గోడ మీద క్యాలెండరులో రోజుకొక గీత గీసి ఉంది. ఆ గీతలు చూసి నాకు ఆనందమే వేసింది. దేవునికి స్తోత్రం చెప్పి, తెల్లచీర కట్టుకున్నాను.

పదింటికి ఆటోలో బయలుదేరాం. అక్కా నేనూ వెనక సీట్లో, బావ ముందు ఖాజా భాయ్ పక్కన. మసి పడకుండా నేను సీటు మీద పాత పేపరు పరుచుకున్నాను, కొంగు ఒళ్ళోకి చుట్టుకున్నాను. ఆయనను మాటల్లో పెడదామని, "బావా, అన్నేండ్లు భూమి లోపల పనిచేస్తే భయం వేయలేదా?" అని అడిగాను.

"ఒక్కనివైతే భయం," అన్నాడు వెనక్కి తిరిగి. "గనిల ఒక్కన్ని పనికి పెట్టరు సుగుణా. జోడి ఉంటడు. వాని లైటు నాకు కనపడాలె, నా లైటు వానికి కనపడాలె. ఇద్దరున్నంక భయమేంది."

చౌరస్తా దగ్గరికి రాగానే ఖాజా భాయ్‌కి ఫోన్ వచ్చింది. మందిరం వాళ్ళ ట్రాలీ ఆటో ఇంకా బయలుదేరలేదట, అరగంట ఆలస్యం. "చాయ్ తాగుదాం," అని ఆయన ఒక హోటల్ ముందు ఆపాడు. ఆ వైపు వెళ్ళేవాళ్ళు ఆ చౌరస్తాలో చాయ్ తాగకుండా వెళ్ళకండి. మొదటి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ కోసం తెల్లవారకముందే తెరుస్తారు, పది రూపాయలకే చిక్కటి చాయ్, ఉస్మానియా బిస్కెట్ ఇంకో అయిదు. అక్కా నేనూ ఆటోలోనే కూర్చొని తాగాం. నేను ఖాళీ గ్లాసులు ఇచ్చేద్దామని దిగి, హోటల్ పక్కకు చూశాను. అక్కడ పాన్ డబ్బా. దాని వెనక గోడవైపు తిరిగి బావ నిలబడి ఉన్నాడు. ఎడమ అరచేతిలో ఏదో వేసి కుడి బొటనవేలితో నలుపుతున్నాడు. ఆ నలపడం నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు.

నోట్లో పెట్టుకొని ఇటు తిరిగాడు. నేను కనిపించాను.

పక్కకు వెళ్ళి ఉమ్మేశాడు, నీళ్ళు అడిగి నోరు పుక్కిలించాడు, మళ్ళీ పుక్కిలించాడు. నా దగ్గరికి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళున్నాయి. "చెయ్యి ఆగలేదు సుగుణా. నలభై ఒక్క దినాలు ఆగినది, ఇయ్యాల ఆగలేదు. నీళ్లు దగ్గరకొచ్చిన కొద్ది గుండె కొట్టుకున్నది, చెయ్యి దానంతల అదే పోయింది. మీ అక్కకు చెప్పకు. నేనే చెప్త. నేను దిగ."

నిజం రాస్తాను. ఆ క్షణం నాకు జాలి కంటే ముందు కోపం వచ్చింది. పొద్దున నాలుగింటికి లేచి, రైలెక్కి, అంత జాగ్రత్తగా తెల్లచీర తెచ్చుకొని వచ్చింది ఇందుకా అనిపించింది. ఇంకొక్క గంట ఆగలేకపోయాడా అనిపించింది. నా నోరు చిన్నది కాబట్టి ఆ మాటలు బయటికి రాలేదు. "సరే బావా, రేవు దాకా పోదాం. వాళ్ళంతా వస్తున్నారు, అక్కడికొచ్చి పాస్టరు అయ్యగారితో ఒక మాట చెప్పండి," అన్నాను. మిగిలిన దారంతా ప్రార్థన చేద్దామనుకున్నాను కానీ, మనసులో ఆయనను తిట్టడమే ఎక్కువైంది.

గోదావరి వంతెనకు దిగువన, రోడ్డు నుంచి ఇసుకలోకి ఒక బాట దిగుతుంది. ఆటో బాట మొదటి దాకా వెళ్తుంది, తర్వాత అయిదు నిమిషాల నడక. ఫిబ్రవరిలో అంచుకు కాస్త లోపల నీళ్ళు నడుం లోతు ఉంటాయి, ఎండ ఇంకా కరుకెక్కదు. మేము చౌరస్తాలో ఆగినంతలో మందిరం వాళ్ళు చేరుకొని డప్పు, తాళాలతో పాడుతున్నారు. యాకోబు అయ్యగారు లుంగీ ఎగ్గట్టి నీళ్ళ లోతు కర్రతో చూస్తున్నారు. ఆయన అరవై అయిదేళ్ళ మనిషి. పాస్టరు కాకముందు బావ పనిచేసిన గనిలోనే ఉద్యోగం, సెర్చింగ్ డ్యూటీ. గనిలో గ్యాసు ఉంటుంది కాబట్టి దిగేముందు ప్రతి మనిషినీ తడిమి జేబులు వెతుకుతారు. బీడీముక్క దొరికినా, అగ్గిపుల్ల దొరికినా దిగనివ్వరు. ఆ రోజు మస్టరు, అంటే హాజరు, పోయినట్టే.

మొదట ఒక అమ్మాయి బాప్తిస్మం తీసుకుంది. చప్పట్లు, పాట. తర్వాత అయ్యగారు నీళ్ళలో నిలబడే చెయ్యి చాపి, "కొమురయ్యా, రా," అన్నారు.

బావ కదల్లేదు. పాట సన్నగిల్లి ఆగిపోయింది. అక్క ఆయన వైపు చూసింది, తర్వాత నా వైపు. నేను తల దించుకున్నాను.

"అయ్యగారూ, నేను దిగ," అన్నాడు బావ. అందరికీ వినిపించేలాగే అన్నాడు. "పొద్దుగాల తంబాకు ఏసిన. నలభై రెండో దినం ఏసిన. మీకు యాదికున్నదో లేదో, నేను కొత్తగ డ్యూటీల చేరినప్పుడు మీరే నా జేబుల బీడీముక్క పట్టిండ్రు. దిగనియ్యలే. అందరు చూస్తుండంగ తలకాయ దించుకొని ఇంటికి పోయిన. ఆ దినం సంది నాకు ఒకటే తెలుసు. జేబు సాఫ్ లేకుంటే దిగొద్దు. గనికే గంత కట్టుదిట్టం ఉన్నప్పుడు దేవుని నీళ్లకు ఎంతుండాలె?"

అయిదేళ్ళుగా ఆయన ఎందుకు వెనక్కి తిరుగుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. మేమంతా తంబాకు అనుకున్నాం. ఆయన మనసులో గోదావరి ఒడ్డు గని మొగదలలా ఉంది. అక్కడ ఎవరో నిలబడి తన జేబులు తడుముతున్నారు.

అయ్యగారు నీళ్ళలోంచి ఒడ్డుకు వచ్చారు. లుంగీ నుంచి నీళ్ళు కారుతుండగా బావ ఎదురుగా నిలబడి, "యాదికున్నది," అన్నారు. "ముప్పై ఏండ్లు నీ జేబులు ఎతికిన. ఒక మాట చెప్పు. ఎప్పుడు ఎతికిన?"

"దిగేటప్పుడు."

"ఎక్కేటప్పుడు?"

బావ ఆలోచించాడు. "ఎక్కేటప్పుడు ఎవలు ఎతుకుతరు?"

"ఎందుకు ఎతకరు?"

"పైకొచ్చేటోన్ని ఎతికేదేంది అయ్యగారూ. డ్యూటీ అయిపోయింది. మనిషి పానంతోని పైకొచ్చిండు, గదే సంతోషం."

"మొఖం మీద మసి ఉంటది గద. ఒళ్లంత బొగ్గు. ఇంత మసితోని పైకి రానియ్య, లోపట్నే కడుక్కొని రా అని ఎవలన్న పంపిండ్రా?"

వెనక నిలబడ్డ మందిరం వాళ్ళలో సగం మంది గని వాళ్ళే. వాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. బావ కూడా ఆలోచనలోనే కొంచెం నవ్వాడు. "లోపట కడుక్కోను నీళ్లెక్కడియి?"

"మరి నువ్వు అయిదేండ్ల సంది ఏం జేస్తున్నవ్?" అయ్యగారు ఇప్పుడు నవ్వడం లేదు. "ఇది దిగే మొగదల గాదు కొమురయ్యా. ఇది ఎక్కే తొవ్వ. ప్రభువు నీకోసం లోపటి దాక దిగిండు. సచ్చేదాక దిగిండు. నిన్ను చెయ్యి పట్టుకొనే పైకి లేసిండు. నువ్వు ఆయనతోని పైకొస్తున్నవ్. పైన నీళ్లున్నయ్, సబ్బున్నది, ఎలుగున్నది. స్నానం అక్కడ. లోపట్నే శుద్ధమై వస్తనంటే ఎన్నడన్న అయితదా?"

"అయితే తంబాకు ఏసుకున్నా ఏం గాదా?" బావ నిలదీసినట్టే అడిగాడు.

"మానుతవ్. ఎందుకు మానవు? పైకొచ్చినంక మసితోని అన్నం తింటవా? కాని నువ్వు మానితేనే ఆయన నీవాడు అయితడని గాదు. ఆయన నీవాడు గాబట్టి మానుతవ్. ఇది ముందు, అది ఎనక. నువ్వు తలకిందులు జేసుకున్నవ్."

బావ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన చూపు అక్క మీద పడింది. తంబాకు సంగతి ఆమెకు తెలిసింది ఇప్పుడే కదా. అక్క మొహం ముడుచుకొని ఉంది. తిడుతుందేమో అనుకున్నాను. ఆమె నడుముకు కొంగు చుట్టి ముందుకు వచ్చింది.

"ఏమయ్యా, నన్నొకటి చెప్పనియ్యి. నీ బొగ్గుబట్టలు ఉతికినంక నిన్ను చేసుకున్ననా, చేసుకున్నంక ఉతికిననా?"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. ఖాజా భాయ్ అందరికంటే గట్టిగా నవ్వాడు.

"ముప్పై నాలుగేండ్లు ఉతికిన," అంది అక్క, నవ్వకుండానే. "బండకేసి కొట్టి కొట్టి నా చేతులు నల్లగైనయ్. ఒక్క దినమన్న, ఇయ్యాల మసి ఎక్కువున్నది, నువ్వు నా పెనిమిటివి గావు అన్ననా? నాకే గంత బుద్ధి ఉన్నప్పుడు దేవునికి ఉండదా? దిగు."

బావ చెప్పులు విడిచాడు. రెండడుగులు వేసి ఆగి నా వైపు తిరిగాడు. "సుగుణా, ఎదురుంగ నిలబడుమన్న గద. ఒడ్డు మీద ఉంటే నాకు ఎనకకు ఐతవ్. రా ఇటు."

నేను చీర వైపు చూసుకున్నాను. ఆ రేవులో అడుగున మెత్తటి నల్లటి ఒండ్రు, కాలు పెడితే పైకి లేస్తుంది. ఒక్క క్షణమే చూశాను. తర్వాత నీళ్ళలోకి నడిచాను, నడుం దాకా, ఆయనకు ఎదురుగా. చల్లగా ఉంది. పాలిథిన్ కవరు, రబ్బరుబ్యాండ్లు, పేపరు గుర్తొచ్చి నవ్వొచ్చింది. మసి అంటకుండా దేవుని దగ్గరికి రావాలని చూసింది బావ ఒక్కడేనా? చౌరస్తాలో ఆయనను మనసులో తిట్టినప్పుడు నేను మాత్రం ఏం శుద్ధంగా ఉన్నాను? నేను చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్నదాన్ని. ప్రభువులో ఉన్నానని ఏళ్ళ తరబడి పాడుతూనే ఉన్నాను. అయినా లోలోపల ఏదో లెక్క చూసుకుంటూ, నా చీర తెల్లగా ఉన్నంతసేపే ఆయన దగ్గర నాకు చోటున్నట్టు బతికాను. ఆ లెక్క అక్కడే నీళ్ళలో వదిలేశాను.

అయ్యగారు ఒక చెయ్యి బావ వీపు కింద, ఒక చెయ్యి ఛాతీ మీద పెట్టారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో అని చెప్పి వెనక్కి వాల్చారు. బావ పూర్తిగా మునిగాడు. ముప్పై నాలుగేళ్ళు రోజూ భూమిలోకి దిగి రోజూ పైకొచ్చిన మనిషి, ఆ ఒక్కసారి దిగి పైకొచ్చాడు. లేవగానే పెద్దగా ఊపిరి పీల్చి, కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న నన్ను చూసి చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఒడ్డు మీద డప్పు మోగింది. అక్క ఏడుస్తూ చప్పట్లు కొడుతోంది.

ఒడ్డెక్కాక లాల్చీ పిండుకుంటూ బావ జేబులో చెయ్యి పెట్టాడు. మొహం మారింది. పొద్దున కొన్న తంబాకు ప్యాకెట్టు, తడిసి ముద్దయి బయటికి వచ్చింది. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకొని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

"అయ్యగారూ," అన్నాడు ఖాజా భాయ్, "సెర్చింగ్ సరిగ చెయ్యలే మీరు. మాలు లోపటికి పోయి బయటికి గూడ వచ్చింది."

"నేను రిటైరైన," అన్నారు అయ్యగారు. నవ్వు ఆగేసరికి కొంతసేపు పట్టింది.

పన్నెండున్నరకు ఇల్లు చేరాం. చాపలు పరిచి అందరం ఒకే వరుసలో కూర్చున్నాం. బగారా అన్నం, మాంసం కూర, పచ్చిపులుసు. అక్క చేతి పచ్చిపులుసు కోసమే ఆ ఊరు వెళ్ళొచ్చు. ఖాజా భాయ్‌కి పక్క వీధిలోని హలాల్ కసాయి దగ్గరే మాంసం తెచ్చామని అక్క ముందే చెప్పి కూర్చోబెట్టింది. రెండో విడత వడ్డిస్తుండగా ధన్ అని శబ్దం, కిందినుంచి నేల అదిరింది, గోడకున్న గరిటెలు గలగలలాడాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఒక్కరూ తలెత్తలేదు. "బ్లాస్టింగ్," అంది అక్క, నా విస్తట్లో ఇంకో ముక్క వేస్తూ. "రోజు గిదే. తిను." ఓపెన్‌కాస్టులో రాయి పేల్చడం అది. కొత్తవాళ్ళు భయపడకండి, మధ్యాహ్నం పూట మామూలే.

నా తిరుగు రైలు సాయంత్రం అయిదు దాటాక. నాలుగింటికి అందరూ వెళ్ళిపోయాక పెరట్లో బట్టల బండ దగ్గరికి వెళ్ళాను. బావ ఒక్కడే కూర్చొని ఉన్నాడు. ఎడమ అరచెయ్యి తెరిచి దాన్నే చూస్తున్నాడు. అరచెయ్యి ఖాళీ. కుడి బొటనవేలు మాత్రం దాని మీద నెమ్మదిగా కదులుతోంది.

"నోరు గుంజుతుంది సుగుణా," అన్నాడు, దాచకుండా.

పక్కన కూర్చున్నాను. "మరి ఏం చేస్తున్నారు బావా?"

"ఆయనకు చెప్పుకుంటున్న. నలభై ఒక్క దినాలు నేను ఒక్కన్నే కొట్లాడిన. క్యాలెండర్ మీద గీతలు గీసుకుంట, ఒక్కన్నే." అరచెయ్యి మూశాడు. "ఒక్కన్ని పనికి పెట్టరని నేనే చెప్పిన గద నీకు. గంత తెలిసి గూడ నేను ఒక్కన్నే దిగిన. ఇప్పుడు జోడి ఉన్నడు."

ఇంట్లోకి వెళ్ళేటప్పుడు చూస్తే, గోడ మీద క్యాలెండరులో ఆ రోజు గడి ఖాళీగానే ఉంది. గీత గీయలేదు. ఆయన ఇక గీయడు అని నాకు అనిపించింది.

ఖాజా భాయ్ రామగుండం స్టేషన్‌లో దింపాడు. చీకటి పడేలోగా బండి వచ్చింది. మట్టిగుట్టల వెనక సూర్యుడు దిగుతుంటే, ఒక షిఫ్టు వాళ్ళు రోడ్డు పక్కన నడిచి వస్తున్నది కిటికీలోంచి కనిపించింది. మొహాలు నల్లగా, పళ్ళు తెల్లగా, ఏదో మాట్లాడుకుంటూ నవ్వుతూ ఇళ్ళకు పోతున్నారు. నీళ్ళు ఇంటి దగ్గర కాగుతుంటాయి. వాళ్ళకు ఆ సంగతి తెలుసు, అందుకే నవ్వుతున్నారు. పరిశుద్ధత అంటే నాకు ఇన్నేళ్ళూ భయంగా ఉండేది, ఎక్కడ మరక పడుతుందోనని. ఆ సాయంత్రం అది మొదటిసారి ఇంట్లో కాగుతున్న నీళ్ళలా అనిపించింది. మనం ఎవరి వాళ్ళమో తెలిశాక, కడుక్కోవడం భయం కాదు, సుఖం. ప్రభువు నాలో, నేను ఆయనలో అని చిన్నప్పటి నుంచి విన్న మాటకు అంతకంటే దగ్గరి అర్థం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆ వైపు బాప్తిస్మానికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు ఒక్క సలహా. తెల్లచీరను కవరులో దాచుకొని మోయకండి, ఇంటి దగ్గరే కట్టుకొని రైలెక్కండి. అక్కడి మసి అంచుకు పట్టి తీరుతుంది. ఇంటికొచ్చాక రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు వేసి నానబెట్టండి, పొద్దున రెండు జాడింపులకు పోతుంది. నాది పోయింది.